దొరసాని సాక్ష్యం

మదాం సొలాంజ్ బ్రివార్ తన డెబ్బై ఎనిమిదేళ్ల బతుకులో వెయ్యని వేషం లేదు. పనిమనిషి వేషం వేసింది, గూఢచారి వేషం వేసింది, దగ్గుతూ దగ్గుతూ మంచం మీద ప్రాణం విడిచే వేషం ఏడు సినిమాల్లో వేసింది. మిషనరీ దొరసాని వేషం ఒక్కటే మిగిలిపోయింది. ఆ లోటు తీర్చిన పుణ్యం న్యూజెర్సీలోని ఐసెలిన్ తెలుగు క్రైస్తవ సహవాసానికి దక్కింది. అదీ ఆవిణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా.

తప్పంతా ప్రేమజ్యోతిదేనని తర్వాత అందరూ అన్నారు. అనడానికేం, నోరు ఊరికే వస్తుంది. ఆమె చేసిందల్లా ఒక ముసలావిణ్ణి ఆదివారం పూట కాస్త గాలి మారుతుందని కార్‌లో గుడికి తీసుకురావడం. ప్రేమజ్యోతి నర్సు. వయసు మళ్లినవాళ్లుండే ఒక నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీ. మదాం గది ఆమె చూసుకునే వరసలో చివరిది. ఆ గదిలోంచి పొద్దున్నే స్నానాల వేళకి ఫ్రెంచి పాట వినపడేది, పక్క గదుల వాళ్ల నుంచి కంప్లయింట్లు వచ్చేవి. కంప్లయింటు వచ్చిన ప్రతిసారీ ప్రేమజ్యోతి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, లోపలే నిలబడి వినేది.

మదాం ఒకప్పుడు పారిస్‌లో క్యాబరే పాటగత్తె. క్యాబరే అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది విలన్ గుహలో ఈకలు కట్టుకుని గెంతే డాన్సు. అది కాదు. చిన్న గది, పది బల్లలు, గది నిండా సిగరెట్ పొగ, ఒక పియానో, నల్ల గౌను వేసుకుని కదలకుండా నిలబడి పాడే ఒక మనిషి. ఈకలు కూడా కొన్నాళ్లు కట్టుకున్నానని ఆవిడే చెప్పింది, మనం దాచడం ఎందుకు? పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో ఆరు వారాల ప్రోగ్రాంకని న్యూయార్క్ ఓడ ఎక్కింది. ఆ ఆరు వారాలు ఇంకా అయిపోలేదు. మాన్‌హాటన్‌లో పాడింది, హాలీవుడ్‌లో చచ్చింది, చివరికి రావే అనే ఊళ్లో బాత్‌రూం సామాన్ల షాపున్న వాల్టర్ అనే మనిషిని పెళ్లి చేసుకుని న్యూజెర్సీ చేరింది. ఆయన పోయాడు. ఆవిడ మిగిలింది.

అక్టోబర్‌లో ఒక ఆదివారం ప్రేమజ్యోతి ఆవిడ చెయ్యి పట్టుకుని, అమెరికన్ల చర్చి కింద మనవాళ్లు అద్దెకి తీసుకున్న బేస్‌మెంట్ హాల్లోకి మెట్లు దిగింది. సంవత్సరం పంతొమ్మిది వందల ఎనభై మూడు. హాల్లో నూట ఇరవై మంది. వాళ్లకి కనపడిందేమిటి? తెల్ల తోలు, తెల్ల జుట్టు, కాళ్ల దాకా పొడుగు గౌను, మెడలో సిలువ. ఆ సిలువ ఆవిడ రెండో మొగుడు ఇచ్చింది. అతను తాను జమీందారునని చెప్పాడు, కాదని తేలింది. సిలువ బంగారమని చెప్పాడు, అదీ కాదని తేలింది. కానీ ఆ హాల్లో కూర్చున్నవాళ్లు నరసాపురం, భీమవరం, రేపల్లె, బాపట్ల వైపువాళ్లు. వాళ్ల తాతలకి సూదిమందు వేసింది దొరసాని. వాళ్ల అమ్మమ్మలకి అక్షరాలు దిద్దించింది దొరసాని. సగం మందికి పేర్లు పెట్టింది కూడా దొరసానే. మెడలో సిలువతో ముసలి తెల్లావిడ మెట్లు దిగుతుంటే ఆవిడెవరని ఆలోచించే అలవాటు ఆ రక్తంలోనే లేదు. హాలు హాలంతా లేచి నిలబడింది.

సంఘపెద్ద సుందర్ రాజ్ అందరికన్నా ముందు లేచాడు. కరెంటు కంపెనీలో ఇంజినీరు, యాభై ఏళ్లు, దేవుడి తర్వాత రూల్ పుస్తకాన్ని నమ్మే మనిషి. గబగబా మైకు అందుకుని, "ఫ్రాన్సు దేశపు దొరసాని అమ్మగారు ఈరోజు మన మధ్యకి విచ్చేశారు. వచ్చే క్రిస్మస్ వార్షికోత్సవంలో అమ్మగారి సాక్ష్యం వినబోతున్నాం" అని ప్రకటించేశాడు. అడిగితే కదా కాదని చెప్పడానికి!

ప్రేమజ్యోతి చెబుదామనే నోరు తెరిచింది. అంతలో సుందర్ రాజ్ ఆమె వైపు తిరిగి, "సిస్టర్, అమ్మగారిని తెచ్చింది మీరు గనక, స్టేజ్ మీద అనువాదం కూడా మీరే చెయ్యాలి" అన్నాడు. తెరిచిన నోరు మూతపడింది.

ఎందుకు మూతపడిందో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. ఎనభై ఒకటి క్రిస్మస్‌కి ప్రేమజ్యోతి ఒంటరిగా ఒక పాట పాడింది. బాగా పాడింది. అదే వచ్చిన చిక్కు. చరణంలో ఒక చోట గొంతు విప్పి పైకి పోయి, అక్కడే కాసేపు తిరిగి, తీరిగ్గా కిందికి దిగింది. తెలియకుండానే భుజాలు కదిలాయి. వెనక వరసలో ఇక్కడే పుట్టిన పిల్లలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. సుందర్ రాజ్ ఒప్పుకోలేదు. ఆరాధన వేరు, కచేరీ వేరు అన్నాడు. కమిటీ కూర్చుంది. "ప్రియ సహోదరి కొంతకాలం క్వయర్ నుంచి విశ్రాంతి తీసుకొనవలసినదిగా" అని ఒక ఉత్తరం తయారైంది. కమిటీ ఉత్తరాలు రాసేది సెక్రటరీ. సెక్రటరీ పేరు దైవాశీర్వాదం. హార్మోనియం వాయించేదీ ఆయనే. ప్రేమజ్యోతి మొగుడూ ఆయనే.

నోటీసులు పోస్టులోనే పంపాలని రూలుంది. అందుకని ఆ మహానుభావుడు తమ ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఆ ఉత్తరం గుండ్రటి అక్షరాలతో రాసి, స్టాంపు అంటించి, పోస్టు చేసి, రెండు రోజులాగి మెయిల్‌బాక్స్‌లోంచి తనే తీసుకొచ్చి, "జ్యోతీ, నీకేదో లెటర్ వచ్చింది" అని చేతికిచ్చాడు. మంచివాడే. ఉల్లిపాయలు తరిగిపెడతాడు, మంచు పడితే ఆమె కారు తనే తుడిచిపెడతాడు. నలుగురికీ ఎదురు చెప్పలేడు, అంతే. ఆమె ఏడవలేదు, అరవలేదు. ఆరోజు నుంచి గుళ్లోనే కాదు, ఇంట్లో గిన్నెల దగ్గర కూడా పాడటం మానేసింది. సోలో పాటలు సుందర్ రాజ్ భార్య లూసీకి వెళ్లాయి. లూసీ పాడితే ఎవరూ ఈల వెయ్యలేదు, కనక అది ఆరాధనే అయింది.

అదీ సంగతి. ప్రేమజ్యోతికి మళ్లీ పాడాలని ఉంది. నలభై రెండేళ్ల ఆడదానికి అంతకు మించిన కోరిక లేకపోవడం చిన్న విషయమేమో గానీ, ఆమెకి మాత్రం ఊపిరాడటం లేదు. ఆ స్టేజ్ ఎక్కే దారి ఇదొక్కటే దొరికింది. అందుకే నోరు మూసుకుంది.

మర్నాడు మదాం గదిలో మందులిస్తూ జరిగిందంతా చెప్పింది. మదాంకి నవ్వాగలేదు. సాక్ష్యం అంటే ఏమిటని అడిగింది.

"మీరు ముందు ఎలా పాపంలో ఉన్నారో చెప్పాలి. తర్వాత దేవుడు ఎలా బయటికి తీశాడో చెప్పాలి."

"మొదటి సగం నాకు క్షుణ్ణంగా తెలుసు" అంది మదాం. "రెండోది నువ్వు చూసుకో."

"నిజం తెలిస్తే నన్ను గుళ్లోంచే పంపించేస్తారు మదాం. మావారు తలెత్తుకోలేరు."

"నేను నా బతుకే చెప్తాను. అబద్ధాలు చెప్పే వయసు దాటిపోయింది. కావాలంటే నీ భాషలో నువ్వు ఉతికి ఆరేసుకో. అయితే చివర్లో ఒక పాట పాడతాను. పాడి, నీచేత కూడా పాడిస్తాను. అతిథి అడిగితే మీవాళ్లు కాదంటారా?"

అనరు. పిలిచిన అతిథి మాట కాదనే ధైర్యం మనవాళ్లకి పుట్టుకతోనే లేదు. ప్రేమజ్యోతి సరేనంది.

ఇక్కడ అనువాదం గురించి ఒక మాట. ఆ హాల్లో ఇంగ్లీషు రానివాళ్లు వెతికినా ముగ్గురు దొరకరు. వారమంతా ఆఫీసుల్లో, హాస్పిటళ్లలో ఇంగ్లీషులోనే తిట్లు తిని, ఇంగ్లీషులోనే జీతాలు తీసుకునే జనం. అయినా తెల్లవాళ్లు మాట్లాడుతుంటే పక్కన ఒకళ్లు నిలబడి ముక్క ముక్కకీ తెలుగులో చెప్పాల్సిందే. లేకపోతే అది సభ కాదు. అతిథి "నేను" అంటే అనువాదకురాలు కూడా "నేను" అనే చెప్పాలి. జనం ఇంగ్లీషు విననట్టు ముఖం పెట్టి, తెలుగు వచ్చాకే "స్తోత్రం" అంటారు. మనవాళ్లలో మర్యాద అంటే అది. మర్యాద నేర్వనివాళ్లు వెనక వరస పిల్లలొక్కరే.

డిసెంబర్ మొదటి ఆదివారం వార్షికోత్సవం, మధ్యాహ్నానికే హాలు నిండిపోయింది. గోడవారగా బిర్యానీ ట్రేలు మూతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. మదాంకి శాలువా కప్పారు, దండ వేశారు. ఆవిడ దండని రెండు చేతులతో పట్టుకుని వంగి అభివాదం చేస్తే, ఎంత వినయమో అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. యాభై ఏళ్లు జనం ముందు చేసిన పని ఊరికే పోతుందా.

ముందు వరసలో నడిమధ్యన సుందర్ రాజ్ తల్లి విమలకుమారి కూర్చుంది. నరసాపురంలో ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. కొడుకు దగ్గర మూడు నెలలుందామని వచ్చింది. తెల్ల చీర మీద కొడుకు స్వెటర్ వేసుకుని, మేజోళ్లతో చెప్పులు తొడుక్కుని, చేతికర్ర ఆనించుకుని నిటారుగా కూర్చుంది. అసలైన దొరసానుల దగ్గర చదువుకుని, అసలైన దొరసానులతో పోట్లాడిన మనిషని ప్రేమజ్యోతి విన్నది. ఆవిడ కళ్లద్దాల్లోంచి తిన్నగా చూస్తుంటే ప్రేమజ్యోతి చూపు పక్కకి తిప్పుకుంది.

మదాం మైకు ముందు నిలబడి మొదలుపెట్టింది. "పదిహేడేళ్లకి నేను అకార్డియన్ వాయించేవాడితో లేచిపోయాను."

ప్రేమజ్యోతి అందుకుంది. "పదిహేడేళ్ల ప్రాయంలో, సంగీత సేవ చేసే ఒక సహోదరునితో కలిసి నేను ఇల్లు విడిచి బయలుదేరాను."

"స్తోత్రం!" అంది హాలు.

"పారిస్‌లో ఒక నేలమాళిగలో పాడేదాన్ని. దాని ఓనరుకి ఒక కన్ను గాజుది. రెండో కన్ను ఎప్పుడూ నా మీదే."

"పారిస్ నగరంలో మేము కూడా ఇలాగే నేలమాళిగలో కూడుకునేవాళ్లం. ఒంటికన్ను పెద్దాయన ఒకరు నన్ను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండేవారు."

"ఆమేన్!" నేలమాళిగ మాట జనానికి బాగా పట్టింది. తొలినాటి విశ్వాసుల కష్టాలు గుర్తొచ్చి పక్కవాళ్ల వైపు చూసి తలలు ఊపారు. వెనక వరసలో మాత్రం ఒకడు నోట్లో జేబురుమాలు కుక్కుకున్నాడు.

"ముగ్గురు మొగుళ్లు. ఒకడు వాయించాడు, ఒకడు కోతలు కోశాడు, ఒకడు కుళాయిలు అమ్మాడు."

"నా మార్గంలో ప్రభువు ముగ్గురు సహాయకుల్ని పంపాడు."

"ఆంటీ, షీ సెడ్ హస్బెండ్స్!" అని వెనక నుంచి ఒక ఆడపిల్ల గట్టిగా అరిచింది. వాళ్లమ్మ తొడపాశం పెట్టినట్టుంది, మళ్లీ అరవలేదు. విమలకుమారి గొంతు సవరించుకుంది.

"హాలీవుడ్‌లో ఏడుసార్లు చచ్చాను. ఒక్క చావుకీ ఎవరూ ఏడవలేదు."

"ఏడుసార్లు మరణద్వారం దాకా వెళ్లాను. నాకోసం కన్నీరు కార్చేవారు లేరు."

సుందర్ రాజ్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "హల్లెలూయా" అని అందరికన్నా గట్టిగా అన్నాడు. ఆ మనిషిని చూస్తే ప్రేమజ్యోతికి ఒక పక్క నవ్వు, ఒక పక్క జాలి. ఇంకో రెండు నిమిషాలు ఇలాగే నెట్టుకొస్తే పాట దాకా చేరిపోవచ్చు. లోపల తనే తనకి ధైర్యం చెప్పుకుంది.

అప్పుడు మదాం మైకు మీంచి చెయ్యి తీసేసింది. అంతవరకూ జనం కోసం వెలిగించిన నవ్వు కూడా తీసేసింది. గొంతు తగ్గించి చెప్పింది. "మూడోవాడు మంచివాడు. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. నలుగురూ ఏమైనా అనుకుంటారని, కొన్నాళ్లు పాడటం ఆపమని మెల్లగా అడిగాడు. దుర్మార్గుడైతే ఎదురు తిరిగేదాన్ని. మంచివాడు కాబట్టి ఆపేశాను. తొమ్మిదేళ్లు. నా బతుకులో పాపమంటూ ఉంటే ఇదొక్కటే. మిగతావన్నీ సరదాలు."

ఈ సంగతి మదాం ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు. ప్రేమజ్యోతికి నోటిదాకా ఒక వాక్యం వచ్చింది. "ప్రభువు నాకు తొమ్మిదేళ్లు విశ్రాంతినిచ్చాడు" అనేస్తే సరిపోతుంది. జనం స్తోత్రం అంటారు. కానీ ఆ విశ్రాంతి అనే మాట స్టాంపుతో సహా ఆమె ఇంటికి వచ్చిన మాట. రెండేళ్లుగా మింగిన మాట. ఇంకోసారి మింగడానికి గొంతులో చోటు లేదు.

ఆమె మైకు దగ్గరికి జరిగింది. "నా భర్త మంచివాడు" అంది. "నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. నలుగురూ ఏమైనా అనుకుంటారని, కొన్నాళ్లు పాడటం ఆపమని మెల్లగా అడిగాడు. దుర్మార్గుడైతే ఎదురు తిరిగేదాన్ని. మంచివాడు కాబట్టి ఆపేశాను. నా బతుకులో పాపమంటూ ఉంటే ఇదొక్కటే."

తొమ్మిదేళ్లు అనడం మర్చిపోయింది. సరదాల సంగతి కూడా వదిలేసింది. మిగతాది ముక్కకి ముక్క సరిపోయింది.

ఎవరూ స్తోత్రం అనలేదు. నూట ఇరవై తలలూ ఒక్కసారిగా హార్మోనియం వైపు తిరిగాయి. దైవాశీర్వాదం ముఖం సున్నం కొట్టినట్టు అయింది. పెట్టె మీద చేతులు పెట్టుకుని, ఆ చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు.

సుందర్ రాజ్ లేచాడు. "సిస్టర్, దొరసాని అమ్మగారు చెప్పిందే చెప్పండి. మీ ఇంటి విషయాలు ఇందులో కలపొద్దు. ఇది దేవుని సన్నిధి."

ప్రేమజ్యోతి మైకు వదల్లేదు. ఇంతసేపూ కడిగిన అబద్ధాలు పోస్తే తీర్థంలా తాగారు. ఒక్క నిజం చెప్పేసరికి కల్పించిందంటున్నారు! ఇప్పుడు ఏం చెప్పి నమ్మించాలి?

ముందు వరసలో చేతికర్ర నేలకి టక్కున తగిలింది. "కూర్చో సుందరం" అంది విమలకుమారి. కూర్చున్నచోటి నుంచి కదల్లేదు, మైకు అడగలేదు. ముప్ఫై రెండేళ్లు వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు అది. "ఆవిడన్నది అక్షరాలా అదే. ఇందాకట్నించి ఈ పిల్ల ప్రతి ముక్కా మార్చి చెప్తుంటే కళ్లు తుడుచుకుంటా కూర్చున్నావ్. ఇప్పుడు సరిగ్గా చెప్తే పొడుచుకొచ్చిందా నీకు?"

"అమ్మా, అది కాదు..."

"నాకు ఇంగ్లీషు రాదా? నీకు నేర్పిందెవరు? లేచిపోయానంది, ముగ్గురు మొగుళ్లంది, అన్నీ విన్నా. ఆవిడ మిషనరీ అని నీకెవరు చెప్పార్రా? అడిగావా?"

సుందర్ రాజ్ తల్లి వైపు చూశాడు, మదాం వైపు చూశాడు, ఆ సిలువ వైపు చూశాడు. అడగలేదని గుర్తొచ్చినట్టుంది. మెల్లగా కూర్చున్నాడు. వెనక వరస పిల్లలు ఇంక ఆపుకోలేక పకపకా నవ్వారు, వాళ్లని గదమాయించడానికి ఈసారి ఏ తల్లికీ నోరు రాలేదు. విమలకుమారి మదాం వైపు తల పంకించి, కాన్వెంటు ఇంగ్లీషులో, "ప్లీజ్ కంటిన్యూ, మేడం" అంది.

మదాంకి తెలుగు ఒక్క ముక్క రాదు గానీ, హాలు ఎప్పుడు తన చేతుల్లోకి వచ్చిందో తెలియకపోతే ఆవిడ యాభై ఏళ్లు ఆ పని చేసి ఉండేది కాదు. పాట అందుకుంది. ఫ్రెంచి పాట. మొదటి లైనులో సగం గొంతు, రెండో లైనులో గాలి మాత్రమే వచ్చింది. మూడో లైనుకి దగ్గొచ్చింది. సినిమాల్లో దగ్గిన దగ్గు కాదు, అసలు దగ్గు. ప్రేమజ్యోతి నర్సు గనక వీపు మీద చెయ్యి వేసి నీళ్లు తాగించింది. ఆవిడ గ్లాసు పక్కకి నెట్టి, మైకు ఆమె వైపు తిప్పింది.

"ఇది కూడా అనువాదం చెయ్యి."

"నాకు ఫ్రెంచి రాదు మదాం."

"నాకు తెలుసు. చెయ్యి."

ప్రేమజ్యోతి హాలు వైపు చూసింది. సుందర్ రాజ్ తల వంచుకున్నాడు. లూసీ మొగుడి చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుని ఉంది, మళ్లీ లేస్తాడేమోనని. పాడమని ఎవరూ అనలేదు. పాడొద్దని కూడా ఎవరూ అనలేదు. రెండేళ్లు తుప్పు పట్టిన గొంతు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు.

పక్కన హార్మోనియం తిత్తి కదిలింది. లూసీకి వాయించే శ్రుతి కాదు. ఐదున్నర శ్రుతి. ప్రేమజ్యోతిది. అడక్కుండానే, తలెత్తకుండానే, దైవాశీర్వాదం ఆ మెట్టు మీద వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకున్నాడు. అంతమంది ముందు, కమిటీకి ఎదురుగా, ఆ మనిషి తన బతుకులో చేసిన మొదటి ఎదిరింపు అదే.

ఆమె అతని వైపు చూడలేదు. ఒక్క శ్రుతికే కరిగిపోయేంత చవక కోపం కాదు ఆమెది. ఉత్తరం సంగతి కార్‌లో తేల్చుకోవాలి. ఇంటికి ఇరవై నిమిషాల డ్రైవ్, అది చాలకపోతే ఇంకో రౌండు తిప్పమంటుంది. మదాం స్టేజ్ మీది కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, దండ సర్దుకుని, టికెట్ కొన్నదానిలా ఎదురుచూస్తోంది. ప్రేమజ్యోతి శ్రుతి అందుకుని, భుజాల్ని వాటి ఇష్టానికి వదిలేసి, గొంతెత్తి పాడింది.